ఒక్కరిని చెప్పండి

“ఫొటోగ్రాఫర్ మాకెందుకండీ? ఫొటోల సీడీ కొన్నాం కదా,” అంటూ మొదటి కంపెనీ ఉద్యోగి కంప్యూటర్ తెరను ఇశ్రాయేలు వైపు తిప్పాడు.

తెర మీద సూట్లు వేసుకున్న తెల్లవాళ్లు చేతులు కలుపుకుని నవ్వుతున్నారు.

“వీళ్లు మీ ఆఫీసులో పనిచేసేవాళ్లు కాదు కదండీ,” అన్నాడు ఇశ్రాయేలు.

“బ్రోచర్‌లో అదంతా ఎవరు చూస్తారు సార్?”

ఇశ్రాయేలు ఆల్బములు మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. బెజవాడ నుంచి రాత్రంతా రైల్లో కూర్చునే వచ్చాడు. ముగ్గురు ఫొటోగ్రాఫర్ల పని మూడు ఆల్బముల్లో ఉంది. హైటెక్ సిటీలో కొత్త కంపెనీలు వస్తున్నాయనీ, వాటికి ఫొటోలు కావాలనీ ఎవరో చెబితే, ఆ ఆల్బములు చూపించి పని తీసుకురావడానికి బయలుదేరాడు.

రెండో కంపెనీలో మేనేజరు బెంగళూరు వెళ్లాడని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాక చెప్పారు. బయట ఎక్కడో బండలు పేలుస్తున్నారు. ఎర్రదుమ్ము రోడ్డు మీద ఆటో ఒక్కటీ ఆగలేదు. సంచి బరువుకి భుజం గుంజుతోంది. తిరిగి వెళ్లిపోదామనిపించింది. ఇంకొక్క చోటు మిగిలిందని నడిచాడు.

మూడో ఆఫీసులో కనకలక్ష్మి అనే మేనేజరు అతని ముఖం చూసి ముందు మంచినీళ్లు తెప్పించింది.

“మీరు ఫొటోగ్రాఫర్ల ఏజెంటా?”

“అలాగే అనుకోండి మేడమ్. మాట్లాడటం నాకొచ్చని నన్ను పంపారు.”

“గచ్చిబౌలిల మా క్యాంపస్ కడుతున్నరు. పునాది కాడికెల్లి పూర్తయ్యేదాంక ఫొటోలు తియ్యాలె. పనోళ్లు, ఇంజనీర్లు, మా స్టాఫ్, అందరు రావాలె. ఏడాది పని. ఒక్కరినే తీసుకుంట.” ఆమె చెయ్యి ఎత్తింది. “జర ఆగండి. పేర్లు చెప్పకుండ్రి. ఏ ఊరు, ఎవరి మనిషి అనే లెక్కలు మొదలైతయ్. బొమ్మలు చూస్త, అంతే.”

ఇశ్రాయేలు మూడు ఆల్బములూ బల్ల మీద పెట్టాడు. నల్ల అట్టది నగలు, చీరల ప్రకటనలు. ఆమె నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టింది.

నీలం అట్టది తెరిచి చాలాసేపు చూసింది. సిమెంటు ఫ్యాక్టరీ, బ్యారేజీ గేట్లు, యంత్రం పక్కన నిలబడ్డ ఫోర్‌మన్. ఒక్క గీత వంకర లేదు. ఒక్క ముఖం మీదా నీడ తప్పు పడలేదు.

“బాగ అనుభవం ఉన్నాయన.”

“ఇరవై ఏళ్లు దాటిందండి.”

“పని బాగనే ఉంటదా ఆయనకు?”

“ఈమధ్య లేదండి. స్టూడియో మూసేసే ఆలోచనలో ఉన్నాడు.”

ఆమె ఎర్ర అట్టది తీసింది. గోడ నీడలో అన్నం తింటున్న తాపీ పనివాళ్లు. ఖాళీ తరగతిలో కొంగుకు అంటిన సుద్ద దులుపుకుంటున్న పంతులమ్మ. డ్యూటీ దిగి బస్టాండులో కూర్చున్నచోటే నిద్రపోయిన నర్సు. అక్కడ ఆమె చెయ్యి ఆగింది.

“మా చెల్లె గూడ గిట్లనే పడుకుంటది దవాఖాన నుంచి వచ్చి.” కాసేపటికి మళ్లీ అంది. “కానీ ఇది జర మసకగ ఉంది కదా?”

“అవునండి. ఫోకస్ తప్పింది.”

కనకలక్ష్మి రెండు ఆల్బములూ పక్కపక్కన పెట్టుకుంది. “నీలమే అనుకుంటున్న. అనుభవస్థుడు, ఇగ నాకు ఫికర్ ఉండదు. ఇద్దరూ మీకు తెలిసినోళ్లే కదా, మీరేమంటరు? ఒక్కరిని చెప్పండి.”

ఇశ్రాయేలు కిటికీ వైపు చూశాడు. ఊఁ అంటే చాలు. లేచి వెళ్లి లాడ్జిలో పడుకోవచ్చు.

“నీలం ఆల్బం ఆయన ఏడాదంతా ఒక్క ఫొటో కూడా చెడగొట్టడు మేడమ్,” అన్నాడు చివరికి. “కానీ ఆయన కెమెరా ఎత్తితే ఎవరైనా సర్దుకుని నిలబడతారు. మీ సైటులో రాళ్లు మోసేవాళ్లు కూడా పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టే ఉంటారు. ఎర్ర ఆల్బం అమ్మాయి అలా కాదు. వాళ్లు తనని మర్చిపోయేదాకా ఓ పక్కన కూర్చుంటుంది. ఫోకస్ నేర్పొచ్చండి. అలా కూర్చోవడం నేర్పితే వచ్చేది కాదు.”

కనకలక్ష్మి నర్సు ఫొటో మళ్లీ తెరిచింది.

“ఇప్పుడు పేరు చెప్పుండ్రి.”

“కెజియా అండి.”

“సోమవారం రమ్మనుండ్రి.” నీలం ఆల్బం అతని వైపు జరుపుతూ అంది. “మీరిట్లన్నరని తెలిస్తే పాపం ఆయన పరేషాన్ అయితడేమో.”

“ఆయనకి తెలుసండి,” అన్నాడు ఇశ్రాయేలు.

సాయంత్రం లింగంపల్లి స్టేషన్ బయట ఎస్టీడీ బూత్ నుంచి బెజవాడకు ఫోన్ చేశాడు.

“కెజియా, పని నీకొచ్చిందమ్మా. ఏడాది పని. సోమవారానికల్లా ఇక్కడుండాలి. టోపీ తెచ్చుకో, ఎండ మామూలుగా లేదు.”

“దేవుడికి స్తోత్రం! నిజంగానా అన్నయ్యా? అంతమంది ఉండగా నాకెలా ఇచ్చారు?”

“నల్ల ఆల్బం ముందే పక్కన పెట్టేశారు. ఆఖరికి నీ ఎర్రదీ, నీలం అట్టదీ మిగిలాయి. ఒక్కరిని చెప్పమని నన్నే అడిగారు.”

“మీరేమన్నారు?”

“నిన్నే తీసుకోమన్నాను.”



“అన్నయ్యా, ఆ నీలం ఆల్బం మీదే కదా!”