మాట్లాడే తేనెపెట్టె

ఇంట్లో ప్రతి వస్తువుకూ నోరొచ్చిన కాలమది. తెల్లారేసరికి సన్యాసమ్మ పెరట్లోని తేనెపెట్టె తియ్యగా పలికింది. "అమ్మా, చీమలు ఎక్కుతున్నాయి. కంపెనీకి కబురు పంపాను. మనిషి రేపు వస్తాడు."

"నాకూ కళ్ళున్నాయిలే, నువ్వు సెప్పాలేటి!" అని ముసలమ్మ కొంగు బిగించింది.

చుట్టూ పొలాల మీద తిరిగేవన్నీ యంత్రపు తేనెటీగలే. ప్రాణమున్నవి ఈ పెట్టెలోనే మిగిలాయి. ఆమె తల్లి కాలంలో పెట్టె నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ చిప్పలుండేవి, చీమ ఒడ్డునే ఆగిపోయేది. కంపెనీవాళ్ళు ఈ పెట్టె కాళ్ళను సిమెంటులో పాతేశారు. కోడలు పైడమ్మ ఆ పెట్టె కాళ్ళకు ఆముదం పూస్తే, చీమలు కాలి గొట్టంలోపలి కరెంటు తీగ పట్టుకుని ఎక్కాయి. అందులో నీళ్ళు పోద్దామంటే తీగ చెడుతుంది, పెట్టెలో చల్లదనం పోతుంది, ఈ ఎండలకు మైనం కరిగిపోతుంది.

"ఏటి సేద్దుం అత్తా?"

"ఆ పెట్టెనే అడుగు. సదువుకున్నది గదా!"

"కంగారు పడకండి," అంది పెట్టె.

మధ్యాహ్నానికి ఈగలన్నీ ఒక్కసారిగా మబ్బులా లేచి కొండవైపు సాగాయి. సన్యాసమ్మ వెంటపడి, దించుదామని గుప్పెడు మన్ను పైకి జల్లింది. అది ఆమె నెత్తిమీదే పడింది.

వెనక నుంచి పెట్టె మురిపెంగా పిలిచింది. "శుభవార్తమ్మా! ఈగల అలజడి పూర్తిగా తగ్గింది."