మోకాళ్లలో బంగారం

వైద్యుడి గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్న ముసలమ్మ మాల్‌సున్ చెయ్యి పట్టుకుంది.

"లోపలికి పోకు తల్లీ. బంగారం పెట్టించుకోకు."

మాల్‌సున్ కొరియాలోని జెజు దీవి మనిషి. సముద్రంలో మునిగి నత్తగుల్లలు ఏరుకొస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. మొగుడు మంచం పట్టాడు. మోకాళ్లు వాచి, చలికాలమంతా ఆమె నీళ్లలోకి దిగలేదు. ఆసుపత్రి మందులకు కడుపు మండిందే తప్ప నొప్పి తగ్గలేదు.

ఈ వైద్యుడు వెంట్రుకంత సన్నని బంగారు తీగ ముక్కలు మోకాళ్ల చుట్టూ గుచ్చి, లోపలే వదిలేస్తాడు. నొప్పి మాయమవుతుందని తోటి ఆడవాళ్లు చెప్పారు.

"పెట్టించుకుంటే ఏమవుతుంది?"

"అవి పెట్టినచోట ఉండవమ్మా. విరిగి ఒళ్లంతా తిరుగుతాయి."

"పక్క వీధి వైద్యుడు నిన్నిక్కడ కూర్చోబెట్టాడా అవ్వా?"

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

మాల్‌సున్ విసురుగా విదిలించుకుంది. ముసలమ్మ మెట్టు మీంచి పక్కకి ఒరిగిపోయింది. మాల్‌సున్ వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లింది.

వసంతంలో నొప్పి నిజంగానే తగ్గింది. మళ్లీ సముద్రంలో మునిగింది. దారిలో కనబడిన వాళ్లందరికీ బంగారం గొప్ప చెప్పింది.

ఎండలు ముదిరేసరికి పిక్క వాచి చీము పట్టింది. తర్వాత పాదానికి స్పర్శ పోయి, ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. తీగ ముక్కలు పిక్కలోకి జారాయనీ, ఒకటి నరాన్ని కోసిందనీ, అన్నీ తీయడం కుదరదనీ డాక్టరు చెప్పాడు. ఇక సముద్రం మాట మరచిపొమ్మన్నాడు.

ఆ మాటకి మాల్‌సున్ ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చింది.

మర్నాడు చంకకర్రతో వైద్యుడి ఇంటికి వెళ్లింది. తలుపు తాళం వేసి ఉంది. మెట్టు ఖాళీగా ఉంది.

ఎదురుగా ఉన్న నూడుల్స్ కొట్టు ఆవిడని అడిగింది.

"ఇక్కడ కూర్చునే అవ్వ ఏది అక్కా?"

"చనిపోయింది. ఆవిడ కాళ్లూ నీలాగే పాడయ్యాయి. పాకుతూ వచ్చి కూర్చునేది."

"తోసేశాను అక్కా. కాళ్లు పట్టుకుందామని వచ్చాను."

కొట్టు ఆవిడ ఆమెకి బల్ల జరిపింది.

"అంతా తెలిసి అవ్వ పోలీసులకెందుకు చెప్పలేదు?" అంది మాల్‌సున్.

"కన్నకొడుకు మీద ఏమని చెబుతుంది? వాడు మొట్టమొదట బంగారం గుచ్చింది ఆవిడ మోకాళ్లకే."