లోపల ఒకరు

సోమవారం సాయంత్రం అయిదున్నరకు మిల్లు ఖాళీ అయింది. కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మాత్రం మారలేదు.

'లోపల: 1'

దేవసేన కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఎనభై ఎనిమిదిలో తిరువళ్లూరు చుట్టుపక్కల కంప్యూటర్ ఉన్న నూలు మిల్లు అదొక్కటే. దాన్ని చూసుకునే ఉద్యోగం ఆమెది. ఆఫీసు పక్కన, మిల్లు లోపలికి పోయే దారిలో తిరిగే ఇనుప కమ్మీ ఉంది. మనిషి లోపలికి పోతే కంప్యూటర్ ఒకటి కలుపుకుంటుంది. బయటికొస్తే ఒకటి తీసేస్తుంది. పేర్లు దానికి తెలియవు.

"తంగరాజన్నా, లోపల ఎవురన్నా ఉండారా?"

వాచ్‌మన్ తంగరాజు ఒక చుట్టు తిరిగొచ్చాడు. "ఎవురూ లేరు పాపా. ఆడికృత్తిక పండగని సగంమంది ఇప్పుడే తిరుత్తణి బస్సెక్కినారు. పండగయ్యేదాకా తియ్యరని పత్తి గోదాముకు కూడా బీగం ఏసేసినారు. ఎలకలు తప్ప ఎవురుంటారు?"

మంగళవారం సాయంత్రం అందరూ వెళ్లిపోయాక మళ్లీ అదే అంకె.

ఈసారి దేవసేనే లోపలికి వెళ్లింది. యంత్రాల వెనక, బాయిలర్ గదిలో, పాయిఖానాల దగ్గర చూసింది. "ఎవురన్నా ఉండారా?" అని గట్టిగా పిలిచింది. జవాబు లేదు. తిరిగొచ్చేటప్పుడు ఎందుకో నడక పరుగైంది.

మేనేజర్ గుర్నాథం విసుక్కున్నాడు. "పాత ప్రోగ్రాం అమ్మా, దానికి మతి పోయింది. దాన్ని అమ్మిన మద్రాసు కంపెనీకి ఫోన్ కొట్టు."

అవతల కంపెనీ మనిషి తాపీగా విన్నాడు. "పాత వెర్షన్‌కి సర్వీసు ఆపేశాం మేడం. జనవరిలోనే ఉత్తరం రాశాం కదా. కొత్తది కొనుక్కోండి, రేపే మనిషిని పంపిస్తాం."

"అది తప్పు చూపిస్తా ఉందా, నిజంగానే ఎవురన్నా ఉండారా, అది మాత్రం చెప్పండి సార్."

"పాతదాన్ని చూసేవాళ్లు ఇప్పుడు మా దగ్గర లేరు మేడం."

గుర్నాథం గొణుక్కుంటూనే చెక్కు మీద సంతకం పెట్టాడు.

బుధవారం పొద్దుటి రైల్లో ఒక కుర్ర ఇంజనీరు రెండు ఫ్లాపీలతో దిగాడు. గంటలో పని ముగించాడు.

"ఇక ఈ తలనొప్పి ఉండదు. షిఫ్టు అయిపోయి గంట దాటిందంటే, మిగిలిపోయిన లెక్కను ఇదే బయటికి పంపేస్తుంది" అన్నాడు నవ్వుతూ.

ఆ సాయంత్రం ఆరున్నరకు తెర మీద 'లోపల: 0' అని వచ్చింది. దేవసేన గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. రెండు రోజులుగా సరిగా తిండి లేదు, నిద్ర లేదు. ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకుంది.

గురువారం పండగ సెలవు.

శుక్రవారం గేటు తీసేసరికి బయట ఒకామె నిలబడి ఉంది. పక్కన ఇద్దరు పిల్లలు. గుండ్లకు పూసిన చందనం ఇంకా పోలేదు.

"ఎవురు కావాలమ్మా?" అంది దేవసేన.

"నా పేరు చెంగమ్మ పాపా, మాది వెంగల్. ఈడ పత్తి మూటలెత్తే ఆరుముగం పెండ్లాన్ని."

పిల్లలు అలిసిపోయి గేటుకు ఆనుకున్నారు. చెంగమ్మ మొహమాటంగా చెంగు సర్దుకుంది.

"సోమవారం పనైనంక నేరుగా తిరుత్తణి కొండకొచ్చేస్తానన్నాడు, మూడు దినాలు కాచుకున్నా రాలేదు, ఏమన్నా పనుండి లోపలే పెట్టుకున్నారా పాపా?"