ఆఖరి రేసు ఆదివారం

చర్చి ఫాదర్ దొన్ ఎవరిస్తో పెళ్ళిళ్ళ డైరీ అటూ ఇటూ తిరగేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఫాదర్ కళ్ళజోడు తీశాడంటే చెప్పబోయేది మంచి కబురు కాదని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఒక్క రోజే ఖాళీ ఉందమ్మా. నవంబరు ఇరవై రెండు, ఆదివారం. మధ్యాహ్నం మూడింటికి."

పెళ్ళి తేదీ కోసం వచ్చిన జినెవ్రా కుర్చీలో ముందుకి జరిగింది. "అది ఆఖరి రేసు రోజు ఫాదర్."

"అందుకేగా ఖాళీగా ఉంది."

మా ఊళ్ళో ఉన్నవి రెండే, చర్చి ఒకటి, తొర్రెజాని వాళ్ళ కార్ల ఫ్యాక్టరీ ఒకటి. వాళ్ళ పసుపు రేసు కారు ఎక్కడ గెలిచినా ఇక్కడ చర్చి గంట మోగాల్సిందే. ఆఖరి రేసు ఆదివారం పెళ్ళి పెట్టుకున్న మొనగాడు ఇంతవరకు ఒక్కడే. ఆ పెళ్ళికి వచ్చింది ఫొటోగ్రాఫరు ఒక్కడు, అతను కూడా చెవిలో రేడియో పెట్టుకునే ఫొటోలు తీశాడు. అన్నీ వంకరగా వచ్చాయి.

"వేరే ఏదో ఒకటి చూడండి ఫాదర్. శనివారమైనా సరే."

"శని, ఆదివారాలన్నీ నిండిపోయాయి. ఇరవై మూడున పైకప్పు విప్పుతున్నారు. మళ్ళీ తలుపులు తెరిచేది ఈస్టరుకే."

"మా నాన్నమ్మకి తొంభై మూడేళ్ళు. ఈస్టరు దాకా ఆగమని ఆవిడకి నేనెలా చెప్పను?"

"పోనీ ఆ ఆదివారమే పెట్టుకో."

"పెట్టుకుంటే ఆవిడే రాదు. టీవీ ముందు నుంచి లేవదు."

ఆ మాట నిజం. నాన్నమ్మ పక్కన కూర్చుని జినెవ్రా ఆరో ఏట నుంచి ఒక్క రేసు కూడా వదలలేదు. ఇక మిగిలింది ఒకటే దారి. నవంబరు నాటికి కారు కప్పు పోటీలో లేకుండా పోతే ఊరంతా పెళ్ళికి వస్తుంది. ఉంటే చర్చిలో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఇద్దరే. కానీ ఇది మార్చి మొదటి వారం, సీజను ఇంకా మొదలే కాలేదు. కారు సంగతి ఇప్పుడే చెప్పగలిగేదెవరు?

ఫాదర్ కిటికీ తెరిచి ఎదురుగా ఉన్న కాఫీ బారులోంచి ఆదెల్మోని కేకేశాడు. ఆదెల్మో ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు బారులో కూర్చుని రేసుల జోస్యం చెబుతుంటాడు. పాపం, కాఫీ కప్పు చేతిలో పట్టుకునే వచ్చాడు.

"ఇందులో అడగటానికేముంది?" అన్నాడు. "పోయిన వారం ఎడారిలో మూడు రోజులు టెస్టులు జరిగాయి. మూడు రోజులూ మనదే ముందు. పందొమ్మిదేళ్ళ తర్వాత కప్పు ఊళ్ళోకి వస్తోంది. ఆ ఆదివారం నా పెళ్ళయినా సరే నేను వెళ్ళను."

"నేను గంటకి కొత్త తాడు కూడా కొన్నాను," అన్నాడు ఫాదర్, కొంచెం సిగ్గుపడుతూ.

మూలన కుర్చీలో పెళ్ళికొడుకు కూర్చుని ఇదంతా వింటున్నాడు. కొర్రాదో పోయిన ఏడాదే టురిన్ వైపు నుంచి వచ్చాడు. సైకిలు మీద తిరుగుతాడు. ఊళ్ళో కార్ల గురించి ఒక్క మాట కూడా మాట్లాడని మగవాడు అతనొక్కడే. అందుకని బారులో అతన్నెవరూ లెక్కలో వేసుకోరు, ఏం పని చేస్తావని కూడా అడగలేదు.

"ఆ టెస్టుల్లో ట్యాంకులో పెట్రోలు ఎంత పోశారంటారు?" అని మెల్లగా అడిగాడు.

ఆదెల్మో కప్పులో కాఫీ ఒలికేలా నవ్వాడు. "నీకెందుకయ్యా అల్లుడూ పెట్రోలు గోల? పోయి సైకిలుకి గాలి కొట్టుకో."

"అది కాదండీ. తక్కువ పోస్తే కారు తేలికవుతుంది. తేలికైతే ఎలాంటి కారైనా మూడు రోజులు ముందుంటుంది."

"అలాంటి వేషాలు వేరేవాళ్ళు వేస్తారు. మనవాళ్ళు వెయ్యరు. అక్కడ నట్లు బిగించినవాణ్ణి, నాకు చెబుతున్నావా?"

కొర్రాదో బుద్ధిగా తలూపాడు.

జినెవ్రా అతని వైపు తిరిగింది. "అడగనని నీకు మాటిచ్చాను. ఇన్నాళ్ళూ అడగలేదు కూడా. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ తేదీ రాయించమంటావా?"

అతను తన బూట్ల వంక చూసుకున్నాడు.

"రాయించు. అందరూ వస్తారు. మీ నాన్నమ్మ కూడా వస్తుంది. విందుకి తోర్తెల్లీని వంటకం నూట యాభై మందికి చెప్పు."

జినెవ్రా మెడలోని పసుపు స్కార్ఫు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పెళ్ళి ఖాయం చేసుకుంటూ ఇంతలా ఏడ్చిన పిల్లను ఫాదర్ తన జన్మలో చూడలేదు.

ఆదెల్మో కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. "ఊరుకోమ్మా. రేసంటే ఏమిటో తెలియనివాణ్ణి చేసుకుంటే ఇంతే మరి. ఇప్పటికైనా మించిపోయింది లేదు, ఇంకోసారి ఆలోచించుకో."

ఆమె తల అడ్డంగా ఊపింది. "రాసెయ్యండి ఫాదర్. ఇంక ఆలోచించడానికేమీ లేదు."

కొర్రాదో ఆమె చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించు," అన్నాడు.

క్షమాపణ అడగాల్సిందే అనుకున్నాడు ఆదెల్మో. ఖాళీ చర్చిలో పెళ్ళంటే మాటలా?

ఫాదర్ నిట్టూర్చి కళ్ళజోడు పెట్టుకున్నాడు, ఫారం తీశాడు. పెళ్ళికూతురి వివరాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు, చకచకా రాసేశాడు. పెళ్ళికొడుకు పేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు అడిగి నింపాడు. వృత్తి అన్న గడి దగ్గర ఆగి తలెత్తాడు.

"తొర్రెజాని ఫ్యాక్టరీలోనే ఫాదర్," అన్నాడు కొర్రాదో, "ఈ ఏటి పసుపు కారు డిజైను గీసింది నేనే."