మరదలి పెళ్ళి

వీసా ఆఫీసులో మూడో కిటికీ దగ్గర కూర్చుని, దొర ఆఫీసరుకి తెలుగు మాటలు తర్జుమా చేసి చెప్పే దుబాసీకి ఆ ఉదయం ఉద్యోగం గురించి బెంగ పట్టుకుంది.

ముందు రోజు ఒక మాట అటూ ఇటూగా చెప్పినందుకు ఆఫీసరు నలుగురిలో తలంటాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు.

తెలుగు చుట్టరికాలు ఆ దొర భాషకి ఒక పట్టాన లొంగవు. వాళ్ళకి పిన్నీ, అత్తా, పెద్దమ్మా అందరూ ఒకటే. ఆ సంగతి ఆఫీసరుకి ఎవరు చెబుతారు?

పై దేశంలో పెళ్ళికని వెళ్ళేవాళ్ళకి మూడు రకాల వీసాలున్నాయి. పెళ్ళి చూసి వచ్చేసేవాళ్ళకి ఒకటి, చేసుకుని వచ్చేసేవాళ్ళకి ఒకటి, చేసుకుని అక్కడే కాపురం పెట్టేవాళ్ళకి ఒకటి. మనిషి మొహం చూసి ఏ రకమో చెప్పెయ్యగలనని దుబాసీకి కాస్త గర్వం.

కిటికీ ముందుకి ఒక పెద్దాయన వచ్చాడు. తల ముగ్గుబుట్టలా నెరిసిపోయింది. చొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా విప్పినట్టు లేదు. పటాలు కట్టే షాపు ఉందన్నాడు.

పెళ్ళికి వెళ్ళాలి, ఏ వీసా అడగాలో తెలియదు, మీరే చూసి పెట్టండి అని బతిమాలాడు.

ఇందులో చూడ్డానికేముంది అనుకుని దుబాసీ చూసి వచ్చేసేవాళ్ళ దరఖాస్తు నింపి లోపలికి తోశాడు.

ఎవరి పెళ్ళి అని ఆఫీసరు అడిగించాడు.

పెద్దాయన తల దించుకుని, ఎందుకో కొంచెం నవ్వాడు.

"మా మరదలిది బాబూ."

మరదలు అంటే భార్య చెల్లెలు. దుబాసీ ఆ మాటే అటు అందించాడు.

పెళ్ళయ్యాక అక్కడే ఉండిపోవాలని ఉందా అని తరవాతి ప్రశ్న.

"అటు తరవాత అక్కడ నాకేం పనుంటుంది బాబూ? వచ్చేసి షాపు తెరుచుకుంటాను. తనకి ఒంట్లో ఏమీ బాగుండటం లేదు. అందుకే ఈ తొందర."

ఆఫీసరు బాగానే తలూపాడు. వెళ్ళేది ఒక్కరేనా, మీ ఆవిడ రావడం లేదా అని మాట వరసకి అడిగించాడు.

"నాకసలు పెళ్ళే కాలేదు కదా," అన్నాడు పెద్దాయన.

ఆ మాట అటు అందించాక గానీ దుబాసీకి వెలగలేదు. భార్యే లేనివాడికి భార్య చెల్లెలు ఎక్కణ్ణించి ఊడిపడుతుంది? ఆఫీసరు కనుబొమలు పైకి లేచాయి.

మేనమామ కూతుర్నీ మరదలే అంటాం. ఆ ఒక్క ముక్క చెబితే చాలు. ఆయన అబద్ధం ఆడలేదు సార్, నేనే తప్పు చెప్పాను అంటే చాలు.

అంటే మాత్రం ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవాల్సిందే. దుబాసీ తల వంచుకుని తరవాతి దరఖాస్తు వెతుకుతున్నట్టు నటించాడు. అంతలోనే ఆఫీసరు, మనిషి అబద్ధాలకోరని రాసి, దరఖాస్తు తిప్పికొట్టాడు.

"నేనేమన్నా తప్పుగా మాట్లాడానా బాబూ?"

"లేదు పెద్దాయనా. వాళ్ళ రూల్సే అంత," అన్నాడు దుబాసీ, ఆయన కళ్ళలోకి చూడకుండా.

పెద్దాయన కాగితాలు సర్దుకున్నాడు. మీకు శ్రమ ఇచ్చానని చెప్పి, దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. నాలుగు తిట్టి వెళ్ళినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ రాత్రి దుబాసీకి ముద్ద దిగలేదు. భార్య గుచ్చి గుచ్చి అడిగితే జరిగింది చెప్పాడు. మీ ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, ఆయన చూడాల్సిన పెళ్ళి మళ్ళీ జరుగుతుందా అంది ఆవిడ.

నిజమే అనుకున్నాడు. అయినా ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని నాన్చాడు. ఆఫీసరు నవ్వుతూ కనిపిస్తే ఆ నవ్వు చెడగొట్టడం ఎందుకనిపించేది, చిరాకుగా కనిపిస్తే భయమేసేది. ఆ పెద్దాయన పెట్టిన దణ్ణం మాత్రం కళ్ళ ముందు నుంచి కదిలేది కాదు.

చివరికి ఒకరోజు తెగించి చెప్పేశాడు.

ఆఫీసరు కాస్త విసుక్కున్నాడు. అప్పుడే చెప్పి ఏడవచ్చుగా, ఆయన్ని మళ్ళీ రమ్మను అన్నాడు. అంతే. ఆ మాత్రం దానికా ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాను అని దుబాసీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

కబురు పంపడం కాదు, తనే వెళ్ళాలనుకున్నాడు. ఆఫీసు వదలగానే వెతుక్కుంటూ షాపుకి వెళ్ళాడు.

పెద్దాయన చెక్కకి మేకులు కొడుతున్నాడు. ఇతన్ని గుర్తుపట్టి, స్టూలు తుడిచి వేశాడు. దుబాసీ కూర్చోలేదు. మరదలన్న మాట దగ్గర తను చేసిన తప్పు, తెలిసీ నోరు మూసుకోవడం, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, రేపే రండి, వీసా ఇప్పించే పూచీ నాది అన్నాడు.

పెద్దాయనకి కోపం రాలేదు. ఓపిగ్గా విన్నాడు.

"ఇంకెందుకులే బాబూ. మొన్న తను పోయింది."

దుబాసీ స్టూలు మీద కూలబడ్డాడు. తన పాపంలో ఏ కొంచెమైనా తగ్గుతుందేమోనని ఆశ పుట్టింది. దాన్ని దాచుకోలేకపోయాడు.

"పెళ్ళన్నా జరిగింది కదా? ఆవిడకి ఆ ముచ్చటన్నా తీరింది కదా?"

పెద్దాయన సుత్తి పక్కన పెట్టి, మెల్లిగా అన్నాడు.

"ఎలా జరుగుతుంది బాబూ, పెళ్ళికొడుకుని నేనే ఇక్కడ ఉండిపోతే."