మెట్ల పరీక్ష

"నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కే వచ్చారుగా? ఇక పెన్షనెందుకండీ, నిక్షేపంలా పని చేసుకోవచ్చు," అన్నాడు ఆఫీసరు.

ముసలి దర్జీకి ఒళ్లు మండింది. "లిఫ్టు లేకపోతే ఎగిరొస్తానా సార్?"

"లిఫ్టు తీయించిందే అందుకు. దేశంలో పెన్షన్ తీసుకునేవాళ్లు పెరిగిపోయారు, పన్ను కట్టేవాళ్లు తగ్గిపోయారు. అందుకే ఈ సంస్కరణ. పైకి ఎక్కగలిగారంటే పని చేయగలరన్నట్టే."

"మరి ఎక్కలేనివాళ్లు?"

"వాళ్లకి తప్పకుండా ఇస్తాం. పైకొచ్చి అడగాలంతే."

ఆహా, ఏం బుర్ర! ఇలాంటి రూలు రాసినవాడికి వంగి దణ్ణం పెట్టాలి.

"చూపు ఆనట్లేదు సార్, చేతులు వణుకుతున్నాయి. మొన్న ఒకాయన చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్క కుట్టాను. ఆ గొడవతో కొట్టుకి ఒక్కడూ రావట్లేదు. ఈ పెన్షన్ రాకపోతే ఇంటిల్లిపాదీ పస్తులే."

"చేతుల సంగతి రూల్లో లేదండీ. కాళ్ల సంగతే ఉంది."

దర్జీ గోడ పట్టుకుని, ఆఫీసరు వంశాన్నంతా తిట్టుకుంటూ కిందికి దిగొచ్చాడు. గేటు దగ్గర బావ కూర్చున్నాడు. ఒకప్పుడు రేవులో మూటలు మోసిన మనిషి. వయసులో తనకంటే పెద్దే అయినా దుక్కలా ఉంటాడు, పాత రూలు ఉన్నప్పుడే పెన్షన్ తెచ్చుకుని కాలుమీద కాలేసుకుని బతుకుతున్నాడు. సంగతంతా విని పకపకా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! ఎక్కు నా వీపు."

"నడుం పట్టేస్తుంది బావా."

"మీ అక్కనే ఇన్నేళ్లు భరించాను, నువ్వో లెక్కా? ఎక్కరా!"

రొప్పుకుంటూ, మధ్యమధ్యలో బావమరిది బరువుని తిట్టుకుంటూ, బావ అతన్ని తీసుకెళ్లి ఆఫీసరు బల్ల ముందు దించాడు.

"ఇందాక నడిచే వచ్చారుగా?" ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఆ మెట్లకే మోకాళ్లు చచ్చాయి సార్."

ఆఫీసరు రూల్సు తిరగేసి, పెదవి విరిచి, ముద్ర గుద్దాడు. "సరే, మంజూరు."

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. కళ్లనీళ్లతో బావ చేతులు పట్టుకున్నాడు. బావ మీసం మెలేశాడు.

"చూశారా సార్! ఈ వయసులో నాలుగంతస్తులు, అదీ మనిషిని మోసుకుంటూ! మా కాలం ఒళ్లు వేరు."

"భేష్! మీకు పెన్షన్ వస్తోందా పెద్దాయనా?"

"ఠంచనుగా!"

"ఇవాళ్టితో ఆపేస్తున్నాం." ఆఫీసరు ఇంకో ముద్ర గుద్దాడు. "కంగారుపడకండి, ఉద్యోగం కూడా ఇస్తాం. లిఫ్టు తీసేసినప్పట్నుంచీ దాని పోస్టు ఖాళీగానే ఉంది."