మిగిలిన స్టూడెంటు

“రేపు క్లాసులో ఎవరూ లేకపోతే మా పిల్ల మళ్ళీ మంచం పట్టేస్తుందే, బేబీ,” అంది అచ్చాయమ్మ, కంప్యూటర్ ఆన్ చెయ్యకముందే.

నర్సరీల ఊరు కడియానికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో బేబీ పెట్టిన నెట్ సెంటర్ అది.

“నన్నేం చెయ్యమంటారు పిన్నిగారూ? రేపట్నుంచి సెంటర్ మూసేసి ఇక్కడ మా ఆయన మొక్కల లారీల ఆఫీసు పెడతాడంట. అమ్మాయికి నిజం చెప్పేయండి.”

“చెబితే ఇంకేవన్నా ఉందా?”

అల్లుడు పోయిన దగ్గర్నుంచి కూతురు సుప్రియ గది దాటలేదు. పలకరిస్తే గోడ వైపు తిరిగేది. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆన్‌లైన్‌లో డిగ్రీ అకౌంట్స్ పాఠాలు చెప్పే పని ఇచ్చాక, రోజుకో గంట ఆ గదిలోంచి మాట వినబడసాగింది. చేరినవాళ్ళేమో ఒక్కొక్కరే జారుకున్నారు. వినేవాళ్ళు లేకపోతే ఆ గంటా పోతుందని, అయిదో తరగతితో చదువు ఆపేసిన అచ్చాయమ్మ, బేబీ ఆడపడుచు వీరవేణి పేరుమీద చేరింది. టైపు చేసేది బేబీ.

“చదివితే నాకు బుర్రకెక్కదు మేడం, నోటితో చెప్పండి,” అని మొదట్లోనే రాయించింది. అప్పట్నుంచి సుప్రియ పట్టికలు మానేసి కథలా చెప్పడం మొదలుపెట్టింది. పాఠాలు తృప్తిగా ఉన్నాయా అని కంపెనీ అడిగినప్పుడల్లా ‘చాలా తృప్తి’ అన్నచోట బేబీ నొక్కేది. వేసవి తర్వాత వాళ్ళు అడగడం మానేశారు. సైటు బాగుచేస్తున్నారంటూ సుప్రియ క్లాసుని మామూలు చాట్‌రూంలోకి మార్చింది. క్లాసు విన్న రోజే అచ్చాయమ్మకీ నాలుగు మెతుకులు దిగేవి.

హెడ్‌ఫోన్‌లో కూతురి గొంతు పలికింది. “వీరవేణిగారూ, ఇవాళ తరుగుదల. నర్సరీకి మోటారు కొన్నారనుకోండి. ఏటా కొంచెం అరుగుతుంది. ఆ అరుగుడూ ఖర్చే. అర్థమైందాండీ?”

“ఏం కొట్టమంటారు?” అంది బేబీ.

“అర్థమైందని కొట్టు.”

“నిజంగానే అయ్యిందా?”

“అవ్వకేం. నేనూ అరిగినదాన్నేగా.”

ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది అచ్చాయమ్మ. సుప్రియ ఆపేసిన కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

“రేపట్నుంచి వీరవేణి రాదే,” అంది తల్లి. “ ఆ వీరవేణిని నేనే. కంపెనీకి మాత్రం చెప్పకు, క్లాసు తీసేస్తారు. ఇంకెవరినైనా వెతికి తెస్తాను, నాలుగు రోజులు ఓపికపట్టు.”

సుప్రియ గోడ వైపు తిరిగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. వీధిలో మొక్కల లారీ ఒకటి వెనక్కీ ముందుకీ తిప్పుకుని వెళ్ళిపోయింది. అచ్చాయమ్మ గడప మీదే కూర్చుంది. దీపాలవేళకి సుప్రియ ఇటు తిరిగింది.

“ఆ కోర్సు వేసవిలోనే ఎత్తేశారు, అప్పట్నుంచీ నీకోసమే చెప్తున్నానమ్మా.”